రెండు చెక్కలైన తలకాయ

ఆ శుక్రవారం మేక తలకాయను నేనే సగానికి నరికాను. అడ్డదిడ్డంగా నరకలేదు. కాల్చి నల్లబడిన తోలు మీద, ముక్కు దూలం వెంట సుద్దముక్కతో గీత గీశాను. గీత మీద కత్తి ఆనించి, కత్తి వీపు మీద సుత్తితో మూడు దెబ్బలు వేశాను. రెండు చెక్కలనూ కాటాలో పెడితే ఒకటి ఏడువందల నలభై గ్రాములు తూగింది, రెండోది ఏడువందల పది. నాలుక మొత్తం బరువైన చెక్కతోనే వచ్చింది కాబట్టి దాని చివర పదిహేను గ్రాములు కోసి రెండో దాని పక్కన పెట్టాను. రెండూ ఏడువందల పాతిక. అంత సరిగ్గా నేను చేసిన పంపకం ఇంకొకటి లేదు. ఆ పంపకం వల్ల ఒక మనిషి కన్ను పోయింది.

అది 2015. ఒమాన్‌లో సహం అనే ఊరికి కొంచెం ఎడంగా, ఖర్జూరం తోటల వెనక మా కంపెనీ ఇళ్లు కడుతుండేది. సైట్ పక్కనే పోర్టా క్యాబిన్లలో మా రూములు. తెలుగువాళ్లం ఇరవై ఇద్దరం. నేను స్టోర్ చూసేవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేసి, పశ్చిమ గోదావరిలో ఒక రైస్ మిల్లు కాటా దగ్గర నిలబడి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను. నేర్పినవాళ్లు లేరు కాబట్టి ఏ లెక్కయినా రెండుసార్లు చేస్తాను. మూడోసారి కూడా చేస్తానని రూములో నవ్వేవాళ్లు.

ఇనుప రాడ్లు వంచి కట్టే ముఠాకు పెద్దమేస్త్రి అనంతపురం వైపు మనిషి. ఆయనతోపాటు సొంత తమ్ముడు, కూతుర్ని చేసుకున్న అల్లుడు అదే ముఠాలో పనిచేసేవాళ్లు. తమ్ముడు వచ్చి పద్దెనిమిదేళ్లు, అల్లుడు వచ్చి నాలుగేళ్లు. అల్లుడికి రాడ్డు వంచడం నేర్పింది ఆ తమ్ముడే.

రెండు వారాలకొక శుక్రవారం పక్క తోటలోంచి మేకను తెచ్చేవాళ్లం. తోట చూసుకునే బంగ్లాదేశ్ ఆయన గొంతు కోసేవాడు. పెద్దమేస్త్రి తమ్ముడు కాళ్లకు తాడు కట్టి, రాడ్లు పేర్చే ఇనుప చట్రానికి వేలాడదీసి తోలు ఒలిచేవాడు. నేను పోగులు వేసేవాణ్ణి. తార్పాలిన్ మీద ఇరవై రెండు పోగులు. ప్రతి పోగులోనూ కాలేయం ముక్క, కొవ్వు ముక్క, ఎముక, మెత్తని కండ సమానంగా ఉండాలి. తలకాయ మాత్రం పోగుల్లోకి రాదు. అది పెద్దమేస్త్రిది. వాళ్ల ఊళ్లో జాతరప్పుడు కోసిన మొదటి పొట్టేలు తలకాయ ఎవరి ఇంటికి వెళ్తే ఆ ఇల్లే పెద్దదని లెక్కట. ఆ ఆనవాయితీని సముద్రం దాటించి ఇక్కడికి తెచ్చుకున్నారు.

తోలు ఊడుతున్నంతసేపూ పెద్దమేస్త్రి కథ చెప్పేవాడు. విజయనగరం రాజుల కథ. ఎన్ని శుక్రవారాలైనా అదే కథ.

"రాజు మంచాన పడినాడు. ఒళ్లంతా కుళ్లిపోయింది. కొడుక్కి ఎనిమిదేండ్లు. తమ్ముణ్ణి చూస్తే ఏనుగు మాదిరి ఉండాడు. నేను కన్ను మూస్తే ఈడు నా బిడ్డ గొంతు పిసుకుతాడు అనుకున్నాడు రాజు. మంత్రిని పిలిచినాడు. పొద్దు గూకేలోగా నా తమ్ముని కండ్లు రెండూ పెరికి నా ముందర పెట్టాల అన్నాడు."

"కండ్లే ఎందుకు పెద్దాయనా? తల తెమ్మంటే పోలా?" అని ఎవరో ఒకరు ప్రతిసారీ అడిగేవాళ్లు. అడక్కపోతే కథ ముందుకు కదలదు.

"తల తీస్తే పాపం తగులుతాదప్పా. గుడ్డోనికి గద్దె లేదు. సంపకుండా సంపడమంటే అదే."

తరవాత మంత్రి ఆ తమ్ముణ్ణి గుర్రపుశాలకు తీసుకుపోయి సంగతి చెబుతాడు. తమ్ముడు కత్తి దూయడు. నాకు గద్దె వద్దు, చూపు చాలు, దేశం విడిచిపోతానంటాడు. మంత్రి ఒక మేకను కోయించి, దాని కళ్లు పళ్లెంలో పెట్టి రాజు మంచం దగ్గరికి తెస్తాడు. రాజు చూసి, తృప్తిగా చనిపోతాడు.

కథ అక్కడికి వచ్చేసరికి పెద్దమేస్త్రి తమ్ముడు నిజంగానే మేక కళ్లు రెండూ తీసేవాడు. స్టీలు పళ్లెంలో పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని అన్నకు చూపించేవాడు.

"మహారాజా, నువ్వు చెప్పిన పని అయిపోయింది. నీ తమ్ముని కండ్లు ఇవే."

"ఇవి మేకవి కదరా, దొంగ నాయాలా!"

"సచ్చేటోనివి, నీకెట్లా తెలిసిందిరా?"

అందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ తరవాతే తలకాయను గ్యాస్ మంట మీద కాల్చేవాళ్లు.

కథలో ఇంకా మిగిలి ఉండేది. బతికిన ఆ తమ్ముడే రాజయ్యాడు. గద్దె ఎక్కగానే అన్న కొడుకునూ, తన మిగతా తమ్ముళ్లనూ దూరంగా ఒక కోటలో పెట్టి తాళం వేయించాడు. ఎన్నో దేశాలు గెలిచాడు. ముసలితనం రాకముందే తన ఆరేళ్ల కొడుక్కి పట్టం కట్టాడు. ఆ పిల్లవాడు కొన్ని నెలలకే చనిపోయాడు. విషం పెట్టారన్నారు. రాజు ఎవరి మీద అనుమానపడ్డాడంటే, ఒకప్పుడు మేక కళ్లు తెచ్చి తనను కాపాడిన మంత్రి మీదే. ఈసారి మేకను కోయలేదు. ఆ ముసలి మంత్రిని సభలో అందరి ముందూ కూలదోసి, మోకాళ్లతో రొమ్ము తొక్కిపెట్టి, కాల్చిన ఇనుముతో కళ్లు పొడిచారని పెద్దమేస్త్రి చెప్పేవాడు. చెబుతూ బొటనవేళ్లు రెండూ గాలిలో గుచ్చి తిప్పేవాడు.

"ఆ ముక్క సెప్పొద్దు అన్నా," అనేవాడు తమ్ముడు, తోలు ఒలవడం ఆపి. "మంత్రి వేషం నాది."

నా దగ్గర అట్టలు ఊడిన ఒక చరిత్ర పుస్తకం ఉండేది, ఎవరో రూము ఖాళీ చేస్తూ వదిలేసింది. దాంట్లోంచి రాజుల పట్టిక ఒకటి వేసుకున్నాను. ఎవరు ఎన్నేళ్లు ఏలారు, ఎలా పోయారు. చివరి వరసలో నాలుగు గడులు గీశాను: పడక, కత్తి, విషం, కళ్లు. పడక గడిలో టిక్కులు తక్కువ. అందుకని ఒక శుక్రవారం ఎవరో, "పెద్దాయన చెప్పే రెండో రాజు పోయినాక ఏమైంది లెక్కలసారూ?" అని అడిగితే, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"తమ్ముడు గద్దె ఎక్కాడు. అల్లుడు ఒప్పుకోలేదు. ఇద్దరూ కొట్టుకున్నారు."

నవ్వు ఆగిపోయింది. ఇరవై మంది చూపు ఒక్కసారిగా పెద్దమేస్త్రి తమ్ముడి వైపు, అల్లుడి వైపు తిరిగింది. అప్పటికే పెద్దమేస్త్రి పాస్‌పోర్టు ప్రకారం అరవైకి దగ్గరపడ్డాడు. అరవై నిండితే మాకు వీసా కొత్తది చేయరు. నీ తరవాత ముఠాకు మేస్త్రి ఎవరో నువ్వే చెప్పమని ఇంజినీరు అడిగాడని అందరికీ తెలుసు.

తమ్ముడు పద్దెనిమిదేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూశాడు. రెండుసార్లు వేరే కంపెనీ పిలిస్తే వెళ్లలేదు. డ్రాయింగు చదవడం రాత్రిళ్లు నా దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. మేస్త్రి కావడం తప్ప ఆయనకు ఈ దేశంలో ఇంకో కోరిక ఉన్నట్టు నేను చూడలేదు. అల్లుడికి కొంచెం ఇంగ్లీషు వచ్చు, ఇంజినీరుతో నేరుగా మాట్లాడతాడు. ఊరి నుంచి కూతురు రోజూ తండ్రికి ఫోను చేసేది. ముఠా రెండుగా చీలిపోయింది. అన్నం వండే దగ్గర గిన్నెలు విసురుకున్నారు. ఒకడి చెప్పుల్లో మేకులు పోశారు. పెద్దమేస్త్రి మాత్రం నోరు విప్పలేదు.

చివరికి ఒక గురువారం అన్నాడు. "రేపు మేకను కోస్తాం కదా. తలకాయ ఎవరికిస్తే వాడే మేస్త్రి. ఇంగ ఎవరూ నన్ను పీక్కుతినొద్దు."

మర్నాడు పదకొండు గంటల ఎండలో మేక తెగింది. ఆ రోజు కథ లేదు. తమ్ముడు తోలు ఒలిచాడు కానీ కళ్లు తీయలేదు. ఎవరో తలకాయను అలాగే కాల్చి తెచ్చి తార్పాలిన్ మీద పెట్టారు. కాలిన కళ్లు తెల్లగా ఉడికి బయటికి చూస్తున్నాయి. పెద్దమేస్త్రి రెండు చేతులతో తలకాయ ఎత్తాడు. తమ్ముడి వైపు చూశాడు. అల్లుడి వైపు చూశాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, కూతురిదే అయ్యుంటుంది. తలకాయను తెచ్చి నా ముందు పెట్టాడు.

"లెక్కలసారూ, పోగులేసేటోనివి నువ్వు. ఇదీ నువ్వే పంచు."

నేను వద్దనాల్సింది. లేదా చీట్లు వేయాల్సింది. లేదా తలకాయను చేతిలోకి తీసుకుని, పద్దెనిమిది నాలుగు కంటే పెద్దదని చిన్నపిల్లవాడికైనా తెలిసిన లెక్క పైకి చెప్పాల్సింది. నాకు తట్టింది ఒక్కటే: ఇద్దరున్నారు, వస్తువు ఒకటి, రెండుతో భాగించాలి. పని మొదలుపెట్టాక నాకు సంతోషంగా కూడా ఉంది. సుద్దముక్క తెచ్చుకున్నాను. ఎవరూ మాట్లాడడం లేదని అప్పుడు గమనించలేదు.

రెండు పళ్లేల్లో రెండు చెక్కలు పెట్టి ఇద్దరి ముందుకూ జరిపాను. మెదడు సగం సగం. దవడ సగం సగం. చెక్కకు ఒక కన్ను.

తమ్ముడు పళ్లెం వైపు చాలాసేపు చూశాడు. "తలకాయ పగలగొట్టినావా సారూ," అన్నాడు నెమ్మదిగా. "మా ఊళ్లో ఇల్లు చీలిపోయినప్పుడు, పీనుగ లేచినప్పుడు కూడా తలకాయ పగలగొట్టరు."

"ఇద్దరికీ సమానంగా..." అన్నాను.

అల్లుడు నవ్వాడు. భయంతో నవ్వాడని ఇప్పుడు అనుకుంటాను. తన చెక్కలోంచి కన్ను వేలితో పెరికి, పళ్లెంలో పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ప్రతిసారీ తన చిన్నమామ చేసే వేషం చేశాడు.

"చిన్నమామా, మహారాజు పంపినాడు. నీ కన్ను ఇదో. ఒగటి సాల్లే నీకు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. తమ్ముడు లేచి అల్లుణ్ణి చెంప మీద కొట్టాడు. పళ్లెం ఎగిరిపోయింది. "నా సేత్తో నేర్పించినా కదరా నీకు! కీ పట్టుకోవడం రాదు నీకు, వచ్చినప్పుడు!" అని ఇంకోటి కొట్టాడు.

కీ అంటే రాడ్డు వంచే పనిముట్టు. మూరెడు ఇనుప కడ్డీ, చివర కొక్కెంలా ఉంటుంది. అది చట్రం పక్కనే ఆనించి ఉంది. అల్లుడు వెనక్కి పడబోయి, చేతికి దొరికినది పట్టుకుని లేచాడు.

నేను లెక్కపెట్టాను. ఆపాల్సినవాణ్ణి, లెక్కపెట్టాను. మొదటి దెబ్బ భుజం మీద. ఎముక చప్పుడు వినబడింది. రెండోది చెవి మీద. మనిషి ఒక పక్కకు ఒరిగాడు. అల్లుడు ఆపి ఉంటే అక్కడితో అయిపోయేది. మూడోది కొక్కెం వైపు నుంచి ముఖం మీద పడింది. తమ్ముడు రెండు చేతులతో ముఖం పట్టుకుని నా పోగుల మీద బోర్లా పడ్డాడు. వేళ్ల మధ్యనుంచి కారింది రక్తం ఒక్కటే కాదు. చేతులకు అంటిన మేక నెత్తురు ఏదో, ఆయనది ఏదో తెలియలేదు.

ముఠావాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరో ఎవరి చేతినో కొరికారు. ఇటుక ముక్కలు లేచాయి. ఒకడి ముందు పళ్లు రెండు తార్పాలిన్ మీద రాలి మాంసంలో కలిసిపోయాయి. పెద్దమేస్త్రి నా చేతిలోని కత్తి లాక్కుని అల్లుడి మీదికి పోయాడు. నలుగురం నడుం పట్టుకుని లాగితే నలుగుర్నీ ఈడ్చుకుపోతున్నాడు. అల్లుడు కదలకుండా నిలబడ్డాడు. కీ వదిలేసి, మెడ చాచి నిలబడ్డాడు.

"అన్నా, వద్దు!" కింద నుంచి తమ్ముడు అరిచాడు. "నీ పాప ముండమోస్తాది అన్నా!"

కత్తి ఆగింది.

పికప్‌లో వెనక నేను కూర్చుని ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాను. తువ్వాలు మూడు మడతలు వేసి అదిమితే మూడు మడతలూ తడిసిపోయాయి. పెద్ద ఆసుపత్రికి దారి పొడుగునా ఆయన ఒక్కటే అడిగాడు.

"సారూ, కుడిదా ఎడమదా పోయింది?"

"ఎడమది."

"అయితే పరవాలేదు. సూత్రం పట్టి చూసేది కుడిదాంతోనే."

మేస్త్రి రాడ్ల వరస వంకర చూడటానికి దారం పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తాడు. అంత నొప్పిలోనూ ఆయన ఆ లెక్కే వేసుకుంటున్నాడు.

ఆసుపత్రిలో డ్యూటీ సిస్టరు మా జిల్లావైపు క్రైస్తవుల అమ్మాయి. తెలుగు వినగానే మెడలో సిలువ సర్దుకుని దగ్గరికి వచ్చింది. తువ్వాలు ఎత్తి చూసి, మళ్లీ కప్పింది.

"ఎలా తగిలింది అన్నయ్యగారూ? పోలీసులకి రాయాలండి."

నేను నోరు తెరిచేలోగా ఆయన పళ్ల మధ్యనుంచి అన్నాడు. "బైండింగ్ వైర్ ఎగిరి తగిలిందమ్మా."

"వైరా? వైరు దెబ్బ ఇలా ఉండదండి. చెవి కూడా..."

"కిందపడినానమ్మా."

ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆమె ఆయన్ని లోపలికి తీసుకుపోయింది. తలుపు దాకా స్ట్రెచర్ పట్టుకుని నడిచాను.

"ఎందుకు చెబుతున్నావయ్యా అబద్ధం? ఆ కన్ను నీది," అన్నాను.

"మంత్రి మేక కండ్లు ఇచ్చి మనిషిని కాపాడినాడు సారూ," అన్నాడు. "నా దగ్గర ఇప్పుడు మేక లేదు. ఉండేదే ఇస్తాండా. నువ్వు గమ్మునుండు, సాలు."

గంట తరవాత పోలీసాయన వచ్చాడు. ఒమానీ, చిన్న వయసు, మర్యాదగా కుర్చీ నా వైపు జరిపి కూర్చున్నాడు. హిందీలో అడిగాడు. నువ్వు చూశావా? చూశాను. ఏం తగిలింది? వైరు. ఆయన కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"కిత్‌నీ బార్ లగా?"

ఎన్నిసార్లు తగిలింది. మూడు అనే అంకె నా నాలుక మీద ఉంది. ఆ మూడు చప్పుళ్లూ చెవుల్లో ఉన్నాయి.

"ఏక్ బార్," అన్నాను.

తెలిసి తెలిసి నేను చెప్పిన తప్పు లెక్క అదొక్కటే. ఆయన రాసుకున్నాడు. ఒక నిమిషం నా చొక్కా మీది నెత్తురు చూసి, వెళ్లిపోయాడు.

రూముకు వచ్చేసరికి సాయంత్రం ఎండ ఇంకా ఉంది. పోర్టా క్యాబిన్ ముందు పెద్దమేస్త్రి అల్లుణ్ణి నడుం బెల్టుతో కొడుతున్నాడు. బకిల్ వైపు నుంచి కొడుతున్నాడు. అల్లుడు చేతులు అడ్డం పెట్టడం లేదు. చొక్కా చిరిగి వీపు మీద చారలు లేచి, చారల మీద చారలు పడుతున్నాయి. నేను చూడటం మొదలుపెట్టాక పదకొండు. అంతకుముందు ఎన్నో తెలియదు. మంచం మీద పెద్దమేస్త్రి ఫోను మోగి మోగి ఆగి, మళ్లీ మోగుతోంది.

"పెద్దాయనా, ఆపండి," అన్నాను. "ఆయన వైరు తగిలిందని చెప్పాడు. కేసు లేదు."

బెల్టు చేతిలోంచి జారింది. అల్లుడు మోకాళ్ల మీద కూలబడి, నేలకు నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. పెద్దమేస్త్రి నా వైపు తిరిగాడు. నన్నూ కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నేను సెప్పలేక నీ ముందర పెట్టినా," అన్నాడు. "నువ్వు నిజంగానే కోస్తివే!"

కన్ను తీసేయాల్సి వచ్చింది. ఒంటికన్ను మనిషిని ఎత్తు మీద పనికి ఎక్కనివ్వరు. ఎక్కలేనివాడు మేస్త్రి కాలేడు. ఇంజినీరు ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన నిలబడి, మీ అన్న తరవాత మేస్త్రిగా ఎవరు బాగా చేస్తారని ఆయన్నే అడిగాడు. ఆయన అల్లుడి పేరు చెప్పాడు. చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కట్టు లేని కంట్లోంచి నీళ్లు దిండులోకి దిగడం నేను చూశాను. పద్దెనిమిదేళ్లు ఒక మాట కోసం ఆగినవాడు ఆ మాట తనే చెప్పాల్సి వచ్చింది, ఇంకొకడి పేరుతో.

అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు వెళ్లిపోయారు. మస్కట్ వెళ్లే కంపెనీ బస్సు దగ్గరికి అల్లుడు పెట్టెలు మోసుకొచ్చాడు. పెద్దమేస్త్రి అతని ముఖం చూడలేదు. తమ్ముడు మాత్రం ఆగి, కుడి కన్ను చికిలించి, అల్లుడి చొక్కా గుండీ సరిచేశాడు.

"రాడ్డు వంచేటప్పుడు కీ రెండు సేతులతో పట్టుకో అల్లుడా. ఒంటిసేత్తో పట్టుకుంటే జారతాది. సెప్పినా కదా నీకు."

అల్లుడు తల వంచుకున్నాడు. బస్సు మలుపు తిరిగాక చట్రం వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు.

కొత్తమేస్త్రి వచ్చాక చాలా శుక్రవారాలు మేకను కోయలేదు. తరవాత ఒకరోజు మనవాళ్లే పోరుపెట్టి తెచ్చారు. నేను ఇరవై పోగులు వేశాను. తలకాయ కాల్చి తార్పాలిన్ మీద పెడితే కొత్తమేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. పార తీసుకుని తోట గట్టు పక్కన మూడడుగుల గొయ్యి తవ్వాడు. ఇసుక మళ్లీ మళ్లీ కూలుతుంటే మళ్లీ మళ్లీ తవ్వాడు. తలకాయను పెట్టి కప్పేసి, మీద కాలితో తొక్కాడు.

ఆ సాయంత్రమే ఊరి నుంచి పెద్దమేస్త్రి తమ్ముడి ఫోను వచ్చింది, నాకే.

"ఏం సారూ, ఈ పొద్దు మేక అంట కదా. తలకాయ ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు. మీ అల్లుడు పాతిపెట్టాడు."

అటునుంచి నవ్వు వినిపించింది, తోలు ఒలిచేటప్పటి నవ్వు.

"పాతిపెట్టినాడా! మెదడు వేపుడు సేసుకుని తినాల గానీ! పిచ్చి నాయాలు, మేస్త్రి అయినా బుద్ధి రాలేదు." నవ్వు ఆగింది. "సారూ, కండ్లు తీసినాడా, కండ్లతోనే పాతినాడా?"

"కండ్లతోనే."

"రెండూ ఉన్నాయా?"

"రెండూ ఉన్నాయి," అన్నాను. "నేను చూశాను."